తిప్పే వేళ

జనవరి 12

వదినా,

సొరంగం తవ్వే చోటికి క్షేమంగా చేరాను. దారిలో లారీ రెండుసార్లు మొరాయించింది. డ్రైవరు దాన్ని తిట్టిన తిట్లు రాస్తే నువ్వు నా చెవి మెలేస్తావు. ఈ కొండల్లో ఫోను లేదని నీకు తెలుసుగా, వారానికోసారి సరుకుల లారీలో వచ్చే ఉత్తరాలే దిక్కు. నాకు ఉత్తరం రాసేవాళ్ళు నువ్వు తప్ప ఎవరున్నారు?

అన్నయ్యని అలా మంచం మీద వదిలి వస్తుంటే కాళ్ళు ముందుకి పడలేదు. ఇన్నేళ్ళూ లిఫ్టులు బాగుచేసి అందర్నీ క్షేమంగా ఎక్కించి దించిన మనిషి, లిఫ్టు గుంతలోనే పడి నడుం విరగ్గొట్టుకోవడమేమిటి? ఎవరికైనా కీడు తలపెట్టాడా? ఆ రోజు నుంచీ నేను దేవుడికి దణ్ణం పెట్టడం మానేశాను. నేను బయల్దేరేటప్పుడు నువ్వు కళ్ళు మూసుకుని నా కోసం ప్రార్థన చేశావు చూడు, అప్పుడు నేను కళ్ళు మూసుకోలేదు. నిన్నే చూస్తూ నిలబడ్డాను. నాకిక దేవుడితో పనిలేదు వదినా. లోకంలో మంచి అనేది ఎక్కడుందని ఎవరైనా అడిగితే నిన్ను చూపిస్తాను. అమ్మ పోయాక నన్ను పెంచావు. ఇప్పుడు అన్నయ్యని పసివాడిలా సాకుతున్నావు. ఒక్కసారైనా విసుక్కోగా చూశానా?

గుమ్మంలో నిలబడి "నేనేం చేస్తున్నాను, ఏదో నెట్టుకొస్తున్నాను" అన్నావు. నాకు నవ్వొచ్చింది. అమ్మ పెట్టిన పద్ధతి నీకూ బాగా ఒంటబట్టింది. మనింట్లో ఎవరూ తమ పని బాగుందని తాము అనకూడదు గదా. మూలపడ్డ లిఫ్టుని కొత్తదానిలా చేసి కూడా అన్నయ్య "ఏదోలే, కదులుతోంది" అనేవాడు. అందుకే కంపెనీలో ఆయనకి "ఏదోలేగారు" అని పేరు పెట్టారు. నేను ఫస్టు క్లాసులో పాసైన రోజు అమ్మ పక్కింటావిడతో "ఏదో గట్టెక్కాడులెండి" అంది. కాబట్టి నువ్వు ఏం రాసినా నేను దాన్ని తిరగేసుకుని చదువుకుంటాను. సరేనా?

అన్నయ్య నుదుటి మీద నా బదులు ఒకసారి చెయ్యి వెయ్యి.

నీ చిన్నోడు


జనవరి 25

చిన్నా,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. డ్రైవరు తిట్లు రాయలేదని ఆయనకి ఎంత నిరుత్సాహమో! నన్ను పొగిడిన చోట మాత్రం చదవకుండా దాటేశాను. ఆయన పసిగట్టి "మధ్యలో ఒక అంతస్తు వదిలేశావు" అన్నారు.

మంచం ముందు గదిలోకి మార్చాం. కుట్టుమిషను పక్కనే. జిప్పులు మారుస్తూ, కాలర్లు తిప్పి కుడుతూ ఆయన్ని కనిపెట్టుకుని ఉండవచ్చని. రెండు గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పాలని నర్సు గట్టిగా చెప్పింది. లేకపోతే ఒళ్ళు ఒరుసుకుని పుళ్ళు పడతాయట. నడుం కింద స్పర్శ లేదు కాబట్టి ఆయనకి తెలియను కూడా తెలియదు. దానికో ఆట కనిపెట్టాం. నేను నడుం కింద చేతులు దూర్చగానే ఆయన "ఏ అంతస్తు?" అంటారు. కుడి పక్కకైతే ఒకటో అంతస్తు, ఎడమ పక్కకైతే రెండో అంతస్తు. వెల్లకిలా అయితే "కిందికి, అందరూ దిగండి" అంటాను. ఇద్దరం నవ్వుకుంటాం. మొదట్లో ఎక్కువ నవ్వేవాళ్ళం.

ఆయన బరువు నీకు తెలుసుగా. నా ఒళ్ళు హూనమైపోతోంది చిన్నా. నిద్రలో కూడా ఎవర్నో తిప్పుతున్నట్టే ఉంటుంది. నీకు సెలవు దొరికితే ఒక నెల వచ్చి ఉండరాదూ?

ఇంకో మాట. దేవుణ్ణి దింపేసి ఆ పీట మీద నన్ను కూర్చోబెట్టావు. ఆ ఎత్తు నాకు పడదు. జారితే మీ అన్నయ్య కన్నా గట్టిగా పడతాను. దేవుడి మీద కోపం ఉంటే ఆయన్నే అడుగు, ఆయన వింటాడు. నన్ను మాత్రం వదిలెయ్.

చలికి చెవులకి గుడ్డ కట్టుకో. నవ్వుతారని మానకు.

మీ వదిన


ఫిబ్రవరి 6

వదినా,

నీ ఉత్తరం మా షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. కోప్పడకు. అంతస్తుల ఆట దగ్గర అందరూ పడీ పడీ నవ్వారు. డ్రిల్లింగు మనిషి ఒకడు, ఎప్పుడూ ఎవర్నీ మెచ్చుకోని వాడు, "ఇలాంటి ఆడమనిషి ఉందంటే ఇంటికి ఉత్తరం రాయాలనిపిస్తోంది" అని కాగితం అడిగి తీసుకున్నాడు.

మాకు టీ తెచ్చే వంట పెద్దాయన మాత్రం "మీ వదిన రమ్మంటోందిరా, వెళ్ళు" అని పట్టుబట్టాడు. ఆయనకి మనింటి సంగతి తెలియదుగా! "మా ఇంట్లో ఒళ్ళు హూనమైందంటే పని అమోఘంగా సాగుతోందని అర్థం" అని విడమరిచి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపుతూ గ్లాసులు ఏరుకుని వెళ్ళిపోయాడు.

రావాలనే ఉంది. కానీ ఇప్పుడు రెండు వైపుల నుంచీ తవ్వకం దగ్గరపడుతోంది. అవతలి వాళ్ళ యంత్రాల చప్పుడు రాతిలోంచి సన్నగా వినిపిస్తోంది. వెల్డింగుకి నేను తప్ప మనిషి లేడు. అయినా నువ్వుండగా అన్నయ్యకేం భయం? నేనొచ్చి నీకు అడ్డం పడటం తప్ప ఒరగబెట్టేదేముంది?

నీ చిన్నోడు


మార్చి 1

చిన్నా,

ఈ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించకు. ఇందులో మీ అమ్మగారి పద్ధతి ఏమీ లేదు. తిరగేసి చదవకు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మీ అన్నయ్యకి నడుం కింద పుండు పడింది. తప్పు నాది. ఒక మధ్యాహ్నం మిషను మీదే తల వాల్చి నిద్రపోయాను. తరువాత ఇంకో రోజు మెలకువగానే ఉన్నాను. తిప్పాలని తెలుసు. లేవబుద్ధి కాలేదు. ఆయన "ఏ అంతస్తు?" అని రెండుసార్లు అడిగారు. వినబడనట్టు పెడల్ తొక్కుతూ కూర్చున్నాను.

ఆయన మారిపోయారు. అన్నం చల్లగా ఉందంటారు, వేడి చేస్తే నోరు కాలిందంటారు. మొన్న నా మీద గ్లాసు విసిరారు. నేను కూడా నోరు జారాను. "ఆ గుంతలో ఇంకో రెండు అంతస్తులు ఎక్కువ ఉన్నా బాగుండేది" అన్నాను. ఆ మాట ఈ నోట్లోంచే వచ్చింది. ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నారు. మెడ ఒక్కటే సొంతంగా తిప్పుకోగలరు.

నన్ను మంచిదాన్నని అనుకుంటూ దూరంగా ఉండకు. చెడ్డదాన్నని అనుకుని అయినా సరే, రా.

వదిన


మార్చి 14

వదినా,

పుళ్ళకి ఇక్కడి డాక్టరు ఇచ్చిన మందు లారీ డ్రైవరు చేత పంపుతున్నాను. రోజూ రెండు పూటలా రాయమన్నాడు.

నీ ఉత్తరం చదివి చాలాసేపు కళ్ళు తుడుచుకున్నాను. "ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను" అన్నావు. అమ్మ కూడా ఇంత దూరం వెళ్ళలేదు! నీకు నువ్వే ఇన్ని నేరాలు మోపుకుంటున్నావంటే మనసులో ఎంత కుమిలిపోతున్నావో నాకు తెలుసు. ఎక్కడో చిన్న గాయమైతే దాన్ని కొండంత చేసి నెత్తిన వేసుకున్నావు. నీ నోటి నుంచి అలాంటి మాట వచ్చిందంటే నేను నమ్ముతాననుకున్నావా? నువ్వు చెప్పినట్టే ఎవరికీ చదివి వినిపించలేదు. మా వాళ్ళు ఊరుకోక డ్రిల్లింగు యంత్రం మీద ఎర్ర రంగుతో "వదిన" అని పెద్దక్షరాలతో రాశారు. అది ఎంత గట్టి రాయి వచ్చినా ఆగదట.

అవతలి వాళ్ళ మాటలు కూడా వినిపిస్తున్నాయిప్పుడు. తవ్వకం కలవగానే మొదటి లారీలో వస్తాను. అంతవరకూ ఓపిక పట్టు. నీ ఓపిక సంగతి నాకు తెలియదా?

నీ చిన్నోడు


ఏప్రిల్ 3

చిన్నా,

నిన్న ఒక కస్టమరుకి బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళాను. బయట తాళం వేసుకుని వెళ్ళడం మామూలే, పక్క వీధేగా. తిరిగి వస్తుంటే స్టాపులో బస్సు ఆగి ఉంది. ఎక్కాను. ఎక్కడికని కండక్టరు అడిగితే ఆఖరి స్టాపు అన్నాను.

అక్కడ బస్సులు కడిగే షెడ్డు ఉంది. దాని ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను. పైపులతో బస్సుల మీద నీళ్ళు కొడుతుంటే చూస్తూ ఒక బన్ను తిన్నాను. ఏడుపు రాలేదు చిన్నా. హాయిగా ఉంది. ఇంటికి వెళ్ళేసరికి ఆయన పోయి ఉంటే బాగుండునని అనుకున్నాను. ఒకసారి కాదు. ఇది రాయక తప్పదు.

దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చాను. ఆయన మధ్యాహ్నం నేను పడుకోబెట్టిన వైపుకే తిరిగి ఉన్నారు. పక్కంతా తడిసిపోయింది. అందుకోబోతే నీళ్ళ గ్లాసు కింద పడినట్టుంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నన్ను తిట్టలేదు. "లిఫ్టు ఆగిపోయింది" అన్నారు. అంతే.

పుండు బాగా లోతుకి దిగిందని ఇవాళ నర్సు చెప్పింది. జ్వరం వచ్చింది. ఈ ఉత్తరం అందగానే బయల్దేరు.

వదిన


మే 2

అన్నయ్య భార్యగారికి,

మీరు ఏప్రిల్‌లో రాసిన ఉత్తరం కొండ విరిగిపడి దారి మూసుకుపోవడంతో ఆగిపోయిందట. అన్నయ్య పోయాడన్న కబురు వైర్‌లెస్‌లో ముందు వచ్చింది. నేను కాలినడకన కొండ దిగి వచ్చాను. అక్కడ మీ పక్కన కూర్చుని మీకు అన్నం కలిపి పెట్టాను. మిమ్మల్ని ఓదార్చాను. ఆ రాత్రి పక్కింటి టీచరుగారు నన్ను మెట్ల మీదికి పిలిచి చెప్పారు. తాళం వేసిన ఇంట్లోంచి అన్నయ్య మంచినీళ్ళని కేకేస్తే ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాపినా అందలేదట. "బయటికెళ్ళింది, వచ్చేస్తుందిలెండి" అని అన్నయ్యే ఆవిడకి సర్దిచెప్పాడట.

తెల్లవారకుండానే వచ్చేశాను. ఇక్కడికి వచ్చేసరికి మీ ఉత్తరం నా దిండు మీద ఉంది. మీరు బన్ను తిన్నారట. హాయిగా ఉందట.

యంత్రం మీది రంగు చెరిపేశాను. దేవుడు లేడని తెలిసినప్పుడు కూడా నాకింత నొప్పి కలగలేదు. అప్పుడు మీరున్నారనుకున్నాను. ఇక నాకు ఉత్తరాలు రాయకండి.

ఇట్లు,
మీ భర్త తమ్ముడు


మే 19

చిన్నా,

రాయవద్దన్నావు. ఇదొక్కటీ రాస్తాను. చదవకుండా చించేసినా సరే.

నువ్వు వచ్చి నా పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెడుతుంటే, ఉత్తరం చదివి కూడా వచ్చావనుకున్నాను. అన్నీ తెలిసే పెడుతున్నావనుకున్నాను. ఎన్నాళ్ళకో ఆ రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. లేచేసరికి నీ సంచి లేదు.

నువ్వు రాసిందంతా నిజం. ఒక్కటి మాత్రం నీకు తెలియాలి. నన్ను దేవతని చేశాక నీకు రావలసిన పని లేకుండా పోయింది. దేవతలకి నడుం నొప్పి ఉండదు గదా. ఇది నిన్ను దెప్పడానికి రాయడం లేదు. మీ అన్నయ్యని చూసుకోవడానికి నేను కూడా మొదట్లో నా మంచితనాన్నే నమ్ముకున్నాను. నలుగురూ "ఎంత ఓర్పు" అంటుంటే పైకి కాదన్నా లోపల పొంగిపోయాను. అది అయిపోయిన రోజున బస్సెక్కాను.

ఆ సాయంత్రం పక్కలు మార్చి, ఆయన ఒళ్ళు తుడిచి, తిప్పడానికి చేతులు దూర్చాను. లోపల వెతుక్కుంటే నాకు ఏమీ దొరకలేదు. జాలి లేదు, ప్రేమ లేదు, పశ్చాత్తాపం కూడా సరిగ్గా లేదు. అక్కడే మోకాళ్ళ మీద ఉండి దేవుణ్ణి అడిగాను. కుళాయిలో వచ్చే నీళ్ళు కుళాయివి కావని అప్పుడు తెలిసింది నాకు. ఆ తరువాత మిగిలిన ఆ కొద్ది రోజులూ ఒక్కసారి కూడా వేళ తప్పలేదు. విసుగు లేదు. అది నేను కాదు చిన్నా. నేనెంతో నాకు తెలుసు, నేను ఆఖరి స్టాపులో బెంచీ దాకానే. పుండు మాత్రం మానలేదు. ఆయన్ని దక్కించుకోలేకపోయాను. అది మోస్తూనే ఉంటాను.

దేవుడు లేడని తెలిసిందన్నావు. నీకు తెలిసింది, నువ్వనుకున్న నేను లేనని. రెండూ ఒకటి కావు.

మీ అన్నయ్య పనిముట్ల సంచి నీ కోసం ఉంచాను.

వదిన


నవంబరు 8

వదినా,

ఇలా పిలిచే ముఖం నాకు లేదు. అయినా ఇంకెలా పిలవాలో తెలియడం లేదు.

తవ్వకం కలిసిన వారానికి సొరంగం కప్పు ఒకచోట కుంగింది. రాళ్ళు రాలే చప్పుడుకి అందరం పరుగెత్తాం. వంట పెద్దాయన టీ కేనుతో అప్పుడే లోపలికి వస్తున్నాడు. పడిపోయి నా కాలు పట్టుకున్నాడు. నేను విదిలించుకున్నాను. విడవకపోతే తన్నాను. తన్ని బయటికి పరుగెత్తాను వదినా. దుమ్ము సర్దుకున్నాక వెళ్ళి తీసుకొచ్చాం. తుంటి నుజ్జయింది. ప్రాణం ఉంది కానీ లేవలేడు. ఆయనకి నా అన్నవాళ్ళు ఎవరూ లేరు.

ఇప్పుడు మా షెడ్డులో ఆయన్ని నేనే చూసుకుంటున్నాను. రెండు గంటలకోసారి తిప్పుతున్నాను. పని మానుకుని మంచం పక్కనే ఉంటున్నానని షెడ్డులో అందరూ నన్ను దేవుడంటున్నారు. ఆ డ్రిల్లింగు మనిషి వచ్చి నా చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "కాదు, నేను తన్నాను" అన్నాను. "ఎంత వినయం చూశారా" అన్నాడు పక్కవాళ్ళతో! పెద్దాయనతోనే చెప్పేశాను. ఆయనకి ఆ క్షణం ఏదీ గుర్తులేదు. "నీకు జబ్బు చేసింది, నిద్రపో నాయనా" అని నా తల నిమిరాడు. ఆ చేతి కింద నేను కూర్చోలేకపోయాను.

నా మాట ఎవరూ నమ్మడం లేదు వదినా. నువ్వు రెండు ఉత్తరాలు ఉన్నది ఉన్నట్టు రాస్తే నేనేం చేశానో ఇప్పుడు అర్థమైంది. మార్చిలో నేను వచ్చి ఉంటే అన్నయ్య బతికేవాడు. నువ్వు తాళం వేసి బస్సెక్కేలా చేసింది నేనే. తాళం చెవి నా చేతిలో పెట్టుకుని నీకు దణ్ణాలు పెడుతూ కూర్చున్నాను.

నిన్న ఆయన నొప్పితో అరుస్తుంటే చెవులు మూసుకుని షెడ్డు బయట చాలాసేపు నిలబడ్డాను. తిరిగి వెళ్ళాను కానీ ఎన్నిసార్లు తిరిగి వెళ్ళగలనో తెలియదు. నాలో ఉన్నది అయిపోవచ్చింది. నేను తన్నానని తెలిసినవాడు పైన ఒక్కడే ఉన్నాడు. ఆయనతో మాట్లాడి చాలా రోజులైంది, ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఆ సాయంత్రం నువ్వు మోకాళ్ళ మీద ఏమని అడిగావు? ఆ మాటలు రాసి పంపు.

చిన్నోడు


నవంబరు 21

చిన్నా,

నీ ఉత్తరం అందింది. తిరగేయకుండా, ఉన్నది ఉన్నట్టే చదివాను. నువ్వు తన్నావు. నమ్ముతున్నాను. నేను తాళం వేశాను. ఇద్దరం కలిసి మీ అన్నయ్యని పోగొట్టుకున్నాం. ఇది మనిద్దరి మధ్యా ఇక దాపరికం లేని సంగతి.

నువ్వు ఎప్పుడొచ్చినా సరే, తాళం చెవి టీచరుగారి దగ్గర ఉంటుంది. ఆవిడ ఇప్పుడు నాతో మాట్లాడుతున్నారు. వచ్చేటప్పుడు పెద్దాయన్ని కూడా తీసుకురా. ముందు గదిలో మంచం అలాగే ఉంది, నేను తీయించలేదు. ఇద్దరం ఉంటే తిప్పడం తేలిక.

నువ్వడిగిన మాటలు పెద్దవేమీ కావు. చేతులు ఆయన నడుం కింద ఉండగానే అడిగాను. "దేవుడా, ఈయనకి కావలసింది నా దగ్గర లేదు. నీ దగ్గరుంది. చేతులు మాత్రం ఇవిగో." అంతే. మీ అన్నయ్య విన్నారు. "ఏ అంతస్తు?" అని అడిగారు.

నీ కోసం కూడా అవే మాటలు చెబుతున్నాను, రోజూ. ఇక ఉత్తరం మడిచి పెట్టి లే. పెద్దాయన్ని తిప్పే వేళయి ఉంటుంది.

మీ వదిన